పొర క్షేమం

గొట్టిపూడి శాఖా గ్రంథాలయానికి టీవీ కావాలని ఎవరూ అడగలేదు. అక్కడి గ్రంథపాలకురాలు హైమవతి తన ఇరవై రెండేళ్ల సర్వీసులో పై ఆఫీసును అడిగినవి మూడే మూడు: కురిసే వరండాకు రెండు రేకులు, మరుగుదొడ్డికి తలుపు, పిల్లలకు కొత్త అట్లాసు. మూడూ పరిశీలనలో ఉన్నాయి. అడగందే అమ్మయినా పెట్టదంటారు గానీ, ప్రభుత్వం అమ్మకంటే ఒక మెట్టు పైన. అది అడిగింది పెట్టదు, అడగంది పెడుతుంది. ఒక సోమవారం పొద్దున అరవై అయిదు అంగుళాల టీవీ ట్రాలీ ఆటోలో నిలబడి, తాళ్లతో కట్టించుకుని, వెనకాల నలుగురు నడుస్తుండగా గ్రంథాలయం ముందు ఆగింది.

పెట్టె మీద 'గ్రంథాలయాల్లో దృశ్య విజ్ఞాన పథకం' అని కాగితం అంటించి ఉంది. చదవడం రానివాళ్లకు చూపించి, వచ్చినవాళ్లకు చదివే శ్రమ తప్పించి, ఇద్దరికీ సమానంగా జ్ఞానం పంచడం ఆ పథకం ఉద్దేశం.

అటెండరు ఏసుపాదం పెట్టె చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. "దీన్ని మన గోడకి బిగిస్తారా అమ్మా, మన గోడని దీనికి బిగిస్తారా?" అని అడిగాడు.

గంగరాజు కొబ్బరికాయ తెచ్చాడు. ఆయన రిటైరైన పోస్టుమాన్. రోజూ ఎనిమిదింటికి తెల్ల పంచెలో వచ్చి, నాలుగు పేపర్లూ టెండరు ప్రకటనలతో సహా చదివితేగానీ కదిలే రకం కాదు. కాయ ఏసుపాదం కొట్టాడు. తెర నాలుగు మూలలా పసుపూ కుంకుమా పెట్టాక, బిగించడానికి వచ్చిన మెకానిక్ టీవీని గోడకెక్కించి, తెర మీద అంటించి ఉన్న పాలమీగడ రంగు పొర కొస గోటితో లేపాడు.

"ఆగండి!" అని గుమ్మంలోంచి కేక వినబడింది.

వచ్చినాయన చిదంబరరావు, జిల్లా దృశ్య నాణ్యతా సమన్వయాధికారి. పోయిన నెలదాకా ఆయన బల్లలూ కుర్చీలూ చూసే సెక్షన్లో ఉండేవాడు. ఆయన గురించి తెలియాల్సినదంతా ఆయన కారు సీట్లు చెబుతాయి. కొని ఎనిమిదేళ్లయినా వాటి ప్లాస్టిక్ కవర్లు తియ్యలేదు. ఇంట్లో సోఫాకూ అంతే. చుట్టాలు కూర్చుంటే కిర్రుమంటుంది, లేస్తే లాగుతుంది. అయితే ఈ విషయంలో గొట్టిపూడి ఆయన్ని వేలెత్తి చూపడానికి లేదు. ఆ ఊళ్లో ఫ్రిజ్ చచ్చిపోయేదాకా దాని పిడికి ప్లాస్టిక్ కాగితం ఉంటుంది.

"పొర తీయడానికి ఎవరు అనుమతించారు?" అన్నాడు చిదంబరరావు.

"అది పీకి పారేసేదేనండీ. మా షాపులో చిన్నపిల్లలు కూడా పీకేస్తారు," అన్నాడు మెకానిక్.

"ప్రభుత్వ ఆస్తిని చిన్నపిల్లలు పీకరు." ఆయన ఫైలు తెరిచి స్టాకు జాబితా చూపించాడు. ఐటెం ఒకటి, టీవీ. రెండు, రిమోట్. మూడు, గోడ బిగింపు. నాలుగు, స్క్రూలు పన్నెండు. అయిదు, సూచనల పుస్తకం. ఆరు, రక్షణ పొర, ఒకటి. జాబితా రాసిన గుమాస్తా నిజాయితీపరుడు, పెట్టెలో కనబడినదల్లా రాసుకుపోయాడు. "రేపు తనిఖీలో ఆరో ఐటెం ఏదమ్మా అంటే ఏం చెబుతారు? చెత్తబుట్టలో ఉందని చెబుతారా?"

మెకానిక్ సంచి సర్దుకుని, మెట్లు దిగేటప్పుడు మాత్రం గట్టిగా నవ్వాడు.

టీవీ పెట్టారు. వార్తలు చదివే అమ్మాయి దోమతెరలో కూర్చుని చదువుతున్నట్టు కనబడింది. గంగరాజు కళ్లజోడు తుడుచుకుని రెండోసారి చూశాడు. "మంచు కురుస్తన్నట్టుందమ్మా. కాశ్మీరు వార్తలేమో," అన్నాడు.

పొర తీస్తే బొమ్మ బాగుంటుందని హైమవతి ఆ రోజే వినయంగా ఉత్తరం రాసింది. ఎనిమిదో రోజుకల్లా జవాబొచ్చింది. వరండా రేకుల ఉత్తరానికి పదకొండేళ్లుగా జవాబు లేదు కాబట్టి, కవరు చించేముందు ఆమె దాని మీది చిరునామా రెండుసార్లు సరిచూసుకుంది.

"దృశ్యము మసకగా ఉండుటకు కారణము పొర అని తాము వ్యక్తపరచిన అభిప్రాయము ఈ కార్యాలయమును నొప్పించినది. కారణము పరిసరములే. గరిష్ఠ వీక్షణానుభవము నిమిత్తము జతపరచిన నలుబదియొక్క మార్గదర్శకములను తక్షణమే అమలుపరచి నివేదించవలెను."

ఆ నలభై ఒకటీ హైమవతికి ఎక్కడో చూసినట్టే అనిపించాయి. టీవీ పెట్టెలో వచ్చిన చిన్న పుస్తకం తీసి పక్కన పెట్టుకుంది. అందులో ఆఖరి పేజీల్లో 'మంచి బొమ్మ కోసం కొన్ని సలహాలు' ఉన్నాయి. తయారీదారు 'అయితే మంచిది' అన్నచోటల్లా రాజధానిలో ఎవరో 'తప్పనిసరి' అని మార్చారు. ఇంకే తేడా లేదు.

ఏడో మార్గదర్శకం వెలుతురు గురించి. తెర మీద బయటి వెలుతురు పడరాదు.

గ్రంథాలయానికి ఉన్నది ఒకటే గది, అందులో ఉత్తరం వైపు నిలువెత్తు పాతకాలపు అద్దాల కిటికీ. ఆ కిటికీ కింద ఒక బల్ల. రెండేళ్లుగా ఆ బల్ల మస్తాన్‌బీది. వాళ్ల ఇల్లు కూడా ఒకటే గది, అందులో ఆరుగురు మనుషులూ రెండు కుట్టుమిషన్లూ ఉంటారు. పంచాయతీ కార్యదర్శి పరీక్షకు ఆమె ఇక్కడే చదువుతోంది. పోయినసారి ఒకటిన్నర మార్కు తేడాతో పోయింది. ఈసారి పరీక్షకు ఇంకో అయిదు నెలలుంది, వయసు మాత్రం ఈ ఒక్కసారికే ఉంది. హైమవతి ఆ బల్లను ఇంకొకరికి ఇవ్వకపోవడం రూలు ప్రకారం తప్పే. అయినా ఆమె ఆ తప్పు రోజూ సంతోషంగా చేసేది.

చిదంబరరావు పంపిన వడ్రంగి కిటికీకి లోపలివైపు నుంచి ప్లైవుడ్ చెక్కలు బిగించాడు. మస్తాన్‌బీ పుస్తకాలు సర్దుకుని వరండాలోకి పోయింది.

"నాలుగు రోజులేనమ్మా," అంది హైమవతి.

"పర్లేదు మేడమ్, గాలొచ్చిద్దిలే ఇక్కడ," అంది మస్తాన్‌బీ. గాలే కాదు, బస్సుల హారన్లూ ఎండా కూడా వచ్చాయి.

బొమ్మ బాగుపడలేదు. మసక చీకట్లో మసక బొమ్మ మరికాస్త మసకగా కనబడింది. అలాగే నివేదిస్తే, అమలు సంపూర్ణంగా లేదని జవాబొచ్చింది.

పదకొండో మార్గదర్శకం దూరం గురించి. తెరకూ చూసేవాళ్లకూ మధ్య ఎనిమిది అడుగులకు తగ్గకుండా ఖాళీ జాగా ఉండాలి. ఆ జాగాలో ఏడు వేల పుస్తకాలున్నాయి. వాటిని మూటలు కట్టి, రోడ్డుకవతలి పశువుల ఆసుపత్రి షెడ్డులో పెట్టమని ఆర్డరు. ఏసుపాదం మూడు రోజులు మోశాడు. నిఘంటువులు గేదెల టీకా పెట్టె పక్కన సర్దాక వచ్చి, "డాక్టరుగారు బాగానే ఉన్నారమ్మా. ఎటొచ్చీ గేదెలే కొత్త మొహం చేసినయ్యి," అన్నాడు. హైమవతికి నవ్వు రాలేదు. ఆ అరల్లో ఏ పుస్తకం ఎక్కడుంటుందో ఆమె కళ్లు మూసుకుని చెప్పగలదు, ఇప్పుడు కళ్లు తెరిచినా గోడే కనబడుతోంది.

పధ్నాలుగోది తెల్లని వస్తువుల గురించి. తెరకు ఎదురుగా కాంతిని తిప్పికొట్టే వస్తువులు ఉండరాదు. పేపర్లు వరండాలోకి పోయాయి. ఆ తర్వాత చిదంబరరావు చూపు గంగరాజు పంచె మీద పడింది.

"వీక్షకులు ముదురు రంగు దుస్తుల్లోనే రావలెను," అని బోర్డు పెట్టించాడు.

వీక్షకుల హాజరు రోజుకు ఇద్దరికన్నా తగ్గితే హైమవతికి మెమో వస్తుంది. ఆ సంగతి తెలిసి గంగరాజు ఆమె మీద అభిమానంతో, మేనల్లుడి దగ్గర అయ్యప్ప దీక్ష నల్ల పంచే నల్ల కండువా అరువు తెచ్చుకున్నాడు. అది శ్రావణమాసం. దీక్షల కాలం కాదు. అయినా దారిలో జనం ఆగి చేతులు జోడించి "స్వామీ" అనడం మొదలుపెట్టారు. చేపలమ్మే ఆవిడ ఆయనకు చేపలు అమ్మనంది.

"మాల వెయ్యకుండానే దీక్ష పట్టిందమ్మా నాకు," అని ఆయన హైమవతి దగ్గర వాపోయాడు. "ఆదివారం మా ఆవిడ కోడి కూర వండలేదు. ఇదేందే అంటే, నల్లబట్టలు కట్టుకుని ఎట్టా తింటారండీ, కళ్లు పోతయ్యి అంటది. కళ్లు పోయేది ఈ టీవీ చూసి గదా!"

పంతొమ్మిదో మార్గదర్శకం ఎత్తు గురించి. చూసేవాళ్ల కళ్లు తెర నడిమధ్యకు సమానంగా ఉండాలి. దొంగల భయంతో టీవీని ఆరడుగుల పైన బిగించారు. కాస్త కిందికి దించితే సరిపోతుంది కదండీ అని హైమవతి అడిగింది.

చిదంబరరావు చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "దించితే ఐటెం మూడు, అంటే గోడ బిగింపు, దాని స్థితి మార్చినట్టవుతుంది. అది స్టాకు రిజిస్టర్లో ఉంది. మనుషులు స్టాకు రిజిస్టర్లో లేరు. వాళ్లను మార్చుకోవచ్చు."

టేపు పెట్టి ఒక్కొక్కరి కంటి ఎత్తు కొలిచి సభ్యత్వ కార్డుల మీద రాశారు. బల్లల మీద కుర్చీలు వేశారు. నల్లబట్టల గంగరాజు చీకటి గదిలో, బల్ల మీది కుర్చీలో, గాలిలో తేలుతున్నట్టు కూర్చుని దోమతెరలోని వార్తలు చూశాడు. మధ్యాహ్నం టీవీలో ఎవరో పెద్దమనిషి మాట్లాడాడు. మనిషి మంత్రో, వంటవాడో చివరిదాకా తేలలేదు.

అన్నీ అమలైపోయాయి. బొమ్మలో మాత్రం మార్పు లేదు. పొర గురించి ఇంకెవరూ మాట్లాడటం లేదు, ఎందుకంటే దాని గురించి మాట్లాడటం పై ఆఫీసును నొప్పిస్తుందని లిఖితపూర్వకంగా ఉంది.

వానలు ముదిరాయి. రేకులు లేని వరండా కురిసింది. ఒక సాయంత్రం హైమవతి బయటికి వచ్చేసరికి మస్తాన్‌బీ గోడకు ఆనుకుని నిలబడి, పుస్తకాన్ని చున్నీలో చుట్టుకుని, బట్టీ పట్టినదేదో కళ్లు మూసుకుని చెప్పుకుంటోంది. కిందినుంచి మోకాళ్లదాకా తడిసిపోయింది. హైమవతికి సిగ్గేసింది. ఆ సిగ్గు మీద కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక ఆ రాత్రి ఇంట్లో అన్నం తినకుండా పడుకుంది.

మర్నాడు వచ్చిన కవరు ఆ కోపానికి దారి చూపించింది. వచ్చే గురువారం రాష్ట్ర కమిటీ వస్తుందట. దృశ్య నాణ్యత 'ఉత్తమం' కాని శాఖలను మూసివేసి, పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలోని మండల గ్రంథాలయంలో కలిపేస్తారట.

"ఇంక కథ ఒడిసినట్టేనామ్మా?" అన్నాడు ఏసుపాదం.

హైమవతి స్టాకు జాబితా తీసి మళ్లీ చదివింది. 'రక్షణ పొర, ఒకటి.' ఆ ముక్క మీద వేలు పెట్టి చాలాసేపు ఆలోచించింది. 'ఒకటి' అని ఉంది, అది ఎక్కడ ఉండాలో లేదు.

గురువారం పొద్దున ఏడింటికే ఆమె గ్రంథాలయం తెరిచింది. "ఆ బల్ల ఇటు జరుపు ఏసుపాదం. స్క్రూడ్రైవర్ కూడా తీసుకో."

ఏసుపాదానికి అర్థమైంది. "అమ్మా, నాకింకా రెండేళ్ల సర్వీసుంది."

"నాకూ ఎనిమిదేళ్లుంది. పొర పీకేది నేను. నువ్వు చూడకు."

"ఈ చీకట్లో చూద్దామన్నా ఏం కనపడిద్దిలే," అన్నాడు ఏసుపాదం, బల్ల జరుపుతూ.

ఆమె బల్లెక్కింది. మెకానిక్ లేపిన కొస ఇంకా లేచే ఉంది. రెండు వేళ్లతో పట్టుకుని లాగింది. పొర సర్రుమంటూ ఒక మూలనుంచి ఇంకో మూలకు జారి చేతిలోకి వచ్చింది. నాలుగు పసుపుకుంకుమ బొట్లూ దానితోపాటే వచ్చాయి. మూడు నెలలుగా తన గుండె మీద కూడా అలాంటిదేదో అతుక్కుని ఉన్నట్టూ, అది కూడా ఊడినట్టూ ఆమెకు హాయిగా అనిపించింది. తర్వాత ఇద్దరూ కిటికీ దగ్గరికి వెళ్లి ఒక అరగంట పనిచేశారు.

పదకొండు గంటలకు కమిటీ వచ్చింది. ముందు కమిటీ అధ్యక్షుడు, వెనక చిదంబరరావు, వాళ్ల వెనక ఎవరికి వెనకో తెలియని మరో నలుగురు. గంగరాజు నల్లబట్టల్లో కుర్చీ మీద సిద్ధంగా ఉన్నాడు. అధ్యక్షుడు ఆయన్ని చూడగానే అలవాటుగా చేతులు జోడించాడు. హాజరు కోసం మస్తాన్‌బీని కూడా నీలం చున్నీ కప్పి లోపల కూర్చోబెట్టారు.

పథకం వాళ్లు తీయించిన సినిమానే పెన్ డ్రైవ్‌లో తెచ్చి పెట్టారు. గది ఒక్కసారిగా రంగులతో వెలిగిపోయింది. తెర మీద ఒక గ్రంథాలయం ఉంది. పెద్ద కిటికీలోంచి ఎండ పడుతోంది. గోడల నిండా పుస్తకాలు. కిటికీ పక్కన తెల్లబట్టల్లో ఒక అమ్మాయి కూర్చుని చదువుకుంటోంది. చివర్లో ఆమె చేతిలోని పేజీని దగ్గరగా చూపించారు.

మస్తాన్‌బీ లేచి, తనకు తెలియకుండానే తెర దగ్గరికి నడిచి, ఆ పేజీ చదవడం మొదలుపెట్టింది.

"ఎనిమిది అడుగులు!" అని అరిచాడు చిదంబరరావు.

ఆ అమ్మాయి ఉలిక్కిపడి వెనక్కి వచ్చేసింది.

"అద్భుతం," అన్నాడు అధ్యక్షుడు. "ఇటువంటి దృశ్య స్పష్టత రాష్ట్రములో ఎచటనూ చూచి ఉండలేదు. మార్గదర్శకముల ప్రభావము ప్రత్యక్షముగా గోచరించుచున్నది."

"ముఖ్యంగా ఏడోది సార్," అన్నాడు చిదంబరరావు వంగి. "దృశ్య నాణ్యత, ఉత్తమం" అని ఎవరో రాసుకున్నారు. హైమవతి ఊపిరి వదిలింది. గ్రంథాలయం నిలబడింది. కాకపోతే అందులో పుస్తకాలూ వెలుతురూ చదివేవాళ్లూ లేరు.

తర్వాత స్టాకు తనిఖీ. టీవీ ఉంది. రిమోట్ ఉంది. స్క్రూలు పన్నెండూ ఉన్నాయి. చిదంబరరావు ఆరో ఐటెం కోసం తెర మీద చెయ్యి వేసి నిమిరాడు. మళ్లీ నిమిరాడు. టార్చి వేసి చూశాడు. మనిషి మొహంలో రంగు పోయింది.

"పొర! పొరేదీ?"

"ఉందండీ," అంది హైమవతి. "ఏసుపాదం, చూపించు."

ఏసుపాదం నాలుగు స్క్రూలు విప్పి చెక్కలు పక్కన పెట్టాడు. మూడు నెలల తర్వాత ఆ గదిలోకి పగలు వచ్చింది. అందరూ కళ్లు చికిలించారు. కిటికీ అద్దానికి నిలువుగా, నాలుగు బొట్లతో సహా, ఎక్కడా ముడత లేకుండా పొర అంటించి ఉంది. దాని మసకలోంచి వచ్చే వెలుతురు నేలంతా మెత్తగా పరుచుకుంది.

"అసలు పొరను తీయడమేమిటి? ఎవరి అనుమతితో?" అన్నాడు చిదంబరరావు.

"రిజిస్టర్లో 'పొర ఒకటి' అని ఉందండీ. ఒకటి ఉంది. ఎక్కడ ఉండాలో రాయలేదు," అంది హైమవతి. "టీవీ మీద అయితే రోజూ వేడికి పాడైపోతుంది. అది పాడైతే ఎవరి బాధ్యత అవుతుందో అని భయపడి భద్రంగా ఇక్కడ పెట్టానండీ."

బాధ్యత అనే మాట వినగానే ఆరుగురూ ఒక అడుగు వెనక్కి వేశారు.

"గీతలు ఏమైనా పడినవా?" అన్నాడు అధ్యక్షుడు.

"లేదండీ. కానీ అది వెలుతురుంటేనే తెలుస్తుంది. చెక్కలు బిగించేస్తే దాని స్థితి ఎవరికీ తెలియదు. ఈలోగా గీత పడితే, ఫలానా తేదీన చెక్కలు బిగించమన్నది ఎవరూ అని అడుగుతారు కదండీ."

చిదంబరరావు అధ్యక్షుడి వైపు చూశాడు. అధ్యక్షుడు కిటికీ వైపు చూశాడు. ఇద్దరూ పక్కకు వెళ్లి అయిదు నిమిషాలు మాట్లాడుకున్నారు. తిరిగి వచ్చి ఉత్తర్వు అక్కడికక్కడే రాయించారు.

"ఆరవ ఐటెం అయిన రక్షణ పొరను గ్రంథాలయ వేళలయందు పగటి వెలుతురులో నిరంతరము పర్యవేక్షించవలెను. ఇందు నిమిత్తము ఉత్తరపు కిటికీని తెరచి ఉంచవలెను. ఏడవ మార్గదర్శకము ననుసరించి కిటికీ తెరచి ఉన్న సమయమున టీవీని నడుపరాదు."

"పర్యవేక్షించడానికి మనిషి కావాలి కదండీ," అంది హైమవతి. "కొత్త పోస్టు అడగను లెండి. ఈ అమ్మాయి ఊరికే చేస్తుంది. ఇక్కడ ఒక బల్ల వేస్తే చాలు."

కొత్త పోస్టు అడగననే మాట అధ్యక్షుడికి బొమ్మకంటే ఎక్కువ నచ్చింది. అభినందన పత్రం పంపిస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

టీవీ నడవకూడదు కాబట్టి, దాని ముందు ఎనిమిది అడుగుల ఖాళీ ఎందుకని ఎవరికీ తోచలేదు. ఏసుపాదం రోజుకు రెండు మూటలు రోడ్డు దాటించాడు. ఎవరూ తెమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. గేదెలు పెద్దగా విచారించినట్టు లేదు. గంగరాజు తెల్ల పంచెలోకి వచ్చాడు గానీ, చేపలావిడ మాత్రం "మాల ఎప్పుడు తీశారు స్వామీ?" అని నిలదీసిందట. వరండా రేకులు ఇంకా పరిశీలనలో ఉన్నాయి.

ఉత్తర్వు ప్రకారం టీవీని కిటికీ మూశాకనే పెట్టాలి. గ్రంథాలయం మూసేది కూడా అప్పుడే. అందుచేత గొట్టిపూడి టీవీ జిల్లాలోకెల్లా ఉత్తమ దృశ్య నాణ్యత గల టీవీగా రికార్డుల్లో ఉంది, ఆ రికార్డుకు ఇంతవరకూ భంగం రాలేదు.

కిటికీ కింద బల్ల మీద ఇప్పుడు ఒక రిజిస్టరు ఉంటుంది. పరీక్ష దగ్గరపడుతోంది కాబట్టి మస్తాన్‌బీ పొద్దున తలుపు తీసేటప్పటికే వచ్చి, ముందు ఆ రిజిస్టర్లో తేదీ వేస్తుంది. కిందటి వారం హైమవతి అందులో సంతకం పెట్టబోతూ ఆ రోజు రాసినది చదివింది.

"పొర క్షేమం. గీతలు లేవు. వెలుతురు బాగుంది."

ఆఖరి వాక్యం ఉత్తర్వులో అడగలేదు. హైమవతి దాన్ని కొట్టివెయ్యకుండా కింద సంతకం పెట్టింది.